పాత 4×12 గిటార్ బాక్స్‌ని స్టీరియో చేయాలంటే స్పీకర్లు కొనే ముందు చేయాల్సిన పని

పర్లాకిమిడిలో చర్చి బృందంతో గిటార్ వాయించే ఒకరు అడిగిన ప్రశ్న ఇది. "ఒక ఆర్కెస్ట్రా పార్టీ దగ్గర పాత 4×12 బాక్స్ కొన్నాను. లోపల నాలుగు 12 అంగుళాల స్పీకర్లున్నాయి. రెండు గరగరమంటున్నాయి. నా గిటార్ ఎఫెక్ట్స్ ప్రాసెసర్‌కి స్టీరియో అవుట్‌పుట్ ఉంది. మంచి స్పీకర్లు వేయిస్తే కోరస్ (సౌండ్‌ని నిండుగా చేసే ఎఫెక్ట్), డిలే (ప్రతిధ్వని) స్టీరియోలో వినిపిస్తాయా? నాలుగూ మార్చాలా? ఏవి కొనమంటారు?"

నేను బరంపురంలో ఇరవై ఏళ్లకు పైగా యాంప్లిఫయర్లు, స్పీకర్లు బాగుచేస్తున్నాను. ఇటు ఇచ్ఛాపురం, అటు గుణుపూర్ దాకా ఆర్కెస్ట్రాల వాళ్లు, చర్చి బృందాల వాళ్లు తెచ్చే బాక్సులతోనే నా రోజు గడుస్తుంది. ఈ ప్రశ్న ఏడాదికి నాలుగైదు సార్లయినా వింటాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, స్పీకర్లు మార్చినంత మాత్రాన స్టీరియో రాదు. దానికి ఎడమకి ఒక దారి, కుడికి ఒక దారి కావాలి. అంటే బాక్స్ లోపలి వైరింగ్‌ని రెండుగా విడదీయాలి, వెనక రెండు జాక్‌లు పెట్టాలి, రెండు చానళ్లున్న పవర్ యాంప్లిఫయర్ ఉండాలి. ఈ మూడూ కుదిరితే మీ పాత స్పీకర్లతోనే స్టీరియో వస్తుంది. నాలుగూ మార్చాల్సిన పని లేదు. రెండు నిజంగా పాడైతే రెండే కొనండి, కానీ కొత్తవి రెండూ ఒకే పక్క వేయకండి. ఎడమకి ఒకటి, కుడికి ఒకటి వేయండి.

ఆ చివరి మాట ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఇక్కడి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర సమయంలో ఒక పార్టీ వాళ్లు ప్రోగ్రామ్‌కి రెండు రోజుల ముందు హడావిడిగా రెండు కొత్త స్పీకర్లు తెచ్చి, విప్పడానికి వీలుగా ఉందని రెండింటినీ ఎడమ పక్కనే బిగించేశారు. కొత్తవాటి సెన్సిటివిటీ, అంటే అదే పవర్‌కి వచ్చే సౌండ్, పాతవాటికంటే ఎక్కువ. దాంతో గిటార్ మొత్తం ఎడమకే లాగేసింది. బ్యాలెన్స్ తిప్పి సరిచేద్దామంటే రెండు పక్కల గొంతు వేరు. ఒక పక్క పదునుగా, ఇంకో పక్క దుప్పటి కప్పినట్టు. నా దగ్గరకి తెచ్చాక నేను చేసింది ఒక్కటే, రెండు స్పీకర్లు అటూ ఇటూ మార్చాను. పై వరసలో రెండూ కొత్తవి, కింది వరసలో రెండూ పాతవి. రెండు పక్కలూ అద్దంలో చూసుకున్నట్టు ఒకేలా అయ్యాయి, రూపాయి ఖర్చు లేకుండా.

మొదట మీటర్ తీయండి

కొనడానికి ముందు నాలుగు స్పీకర్ల వైర్లూ విప్పి, ఒక్కో స్పీకర్‌నీ మల్టీమీటర్‌తో కొలవండి. మీటర్ చూపించేది స్పీకర్ లోపలి తీగచుట్ట (కాయిల్) రెసిస్టెన్స్ మాత్రమే, కాబట్టి అది స్పీకర్ మీద రాసినదానికంటే కొంత తక్కువ ఉంటుంది. 6, 7 ఓమ్స్ చూపిస్తే అది 8 ఓమ్స్ స్పీకర్, 12, 13 చూపిస్తే 16 ఓమ్స్ స్పీకర్. మ్యాగ్నెట్ మీది స్టిక్కర్‌ని మాత్రం నమ్మకండి. పాత స్పీకర్లకి ఎక్కడో ఒకచోట రీకోన్ (ముందుండే కాగితపు కోన్, కాయిల్ కొత్తవి వేయడం) చేయించి ఉంటారు. అప్పుడు 16 ఓమ్స్ స్టిక్కర్ ఉన్న దానిలో 8 ఓమ్స్ కాయిల్ పెట్టినవి నేను చాలా చూశాను.

నాలుగూ 16 ఓమ్స్ అయితే మీ పని సులువు. ఎడమ రెండూ ప్యారలల్‌గా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలిపితే ఆ పక్క 8 ఓమ్స్. కుడి కూడా అంతే. ఏ స్టీరియో పవర్ యాంప్ అయినా 8 ఓమ్స్‌కి హాయిగా పనిచేస్తుంది. నాలుగూ 8 ఓమ్స్ అయితే ప్యారలల్‌లో పక్కకి 4 ఓమ్స్, సిరీస్‌లో (ఒకదాని మైనస్ రెండోదాని ప్లస్‌కి) పక్కకి 16 ఓమ్స్ వస్తుంది. మీ యాంప్ వెనక కనీసం 4 ఓమ్స్ అని రాసి ఉంటే ప్యారలల్ చేయండి. కనీసం 8 అని రాసి ఉంటే సిరీస్ చేయండి. అప్పుడు ట్రాన్సిస్టర్ యాంప్ నుంచి వచ్చే వాట్లు 8 ఓమ్స్ మీద వచ్చేదానిలో సగానికి దగ్గరగా పడిపోతాయి, కానీ యాంప్‌కి ప్రమాదం ఉండదు.

ఒకే పక్క 8 ఓమ్స్‌ది ఒకటి, 16 ఓమ్స్‌ది ఒకటి కలపొద్దు. ప్యారలల్‌లో 8 ఓమ్స్ స్పీకర్ రెండోదానికంటే రెట్టింపు పవర్ లాగేస్తుంది. అదే ముందు కాలిపోతుంది.

ఇప్పుడు గరగర సంగతి. స్పీకర్ పోయిందని నిర్ణయించే ముందు దాన్ని పైకి తీసి, వెల్లకిలా పెట్టి, రెండు చేతుల వేళ్లతో కోన్‌ని అన్ని వైపులా సమానంగా మెల్లిగా నొక్కి వదలండి. ఇసుక కాగితం రాసినట్టు చప్పుడు వస్తే వాయిస్ కాయిల్ రాసుకుంటోందన్నమాట. అది రీకోన్‌కో మార్పిడికో వెళ్లాల్సిందే. ఏ చప్పుడూ లేకపోతే ఆ స్పీకర్‌ని బాగా పలుకుతున్నదాని స్థానంలో పెట్టి వినండి. గరగర స్పీకర్‌తో పాటు జరిగితే తప్పు స్పీకర్‌ది. పాత చోటే ఉండిపోతే తప్పు బాక్స్‌ది. బోల్టు వదులైనా, వెనక పలక స్క్రూ పోయినా, లోపలి వైరు కోన్‌కి తగులుతున్నా అచ్చం పాడైన స్పీకర్‌లాగే వినిపిస్తుంది. ఈ ఒక్క పరీక్షతో స్పీకర్ కొనే ఖర్చు తప్పించుకుని వెళ్లినవాళ్లు నాకు తెలుసు.

మన తీరంలో ఇంకో సమస్య ఉంది, ఉప్పుగాలి. టెర్మినల్ నుంచి కోన్‌కి వెళ్లే అల్లిక తీగ పచ్చగా చిలుమెక్కి, లోపల పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. తక్కువ సౌండ్‌లో బాగానే ఉంటుంది, గట్టిగా వాయిస్తే చిటపటలాడుతుంది. ఆ తీగ మార్చడానికి పావుగంట చాలు.

బాక్స్ చెక్క కూడా చూడండి

మీది పర్లాకిమిడి కాబట్టి అడుగుతున్నాను. ఆ బాక్స్ 2018 అక్టోబర్‌లో వచ్చిన తిత్లీ తుపానులో తడిసిందా? అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా మీదుగా పోయిన ఆ తుపాను తర్వాత నెలల తరబడి నా షాపుకి తడిసిన బాక్సులే వచ్చాయి. ప్లైవుడ్ బాక్సులు ఎండబెడితే చాలావరకు బతికాయి. పార్టికల్ బోర్డువి అడుగున బిస్కెట్‌లా ఉబ్బిపోయాయి. అలాంటి బోర్డుకి స్క్రూ పట్టదు. అందులో ఖరీదైన స్పీకర్లు బిగిస్తే రెండు ప్రోగ్రాములకే వదులైపోతాయి. బాక్స్ అడుగున బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా దిగితే స్పీకర్ల కంటే ముందు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో అడుగు పలక మార్పించండి.

వైరింగ్, జాక్‌లు

లోపల నాలుగింటినీ కలిపిన పాత వైరింగ్ మొత్తం తీసేయండి. బాక్స్ ముందు నిలబడి చూస్తే ఎడమ నిలువు జత ఒకటి, కుడి నిలువు జత ఇంకోటి. మూలమూలకి కలపొద్దు, పై రెండు, కింది రెండు అని కూడా కలపొద్దు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి పోగుల వైరు సరిపోతుంది, కరెంటు సామాను దుకాణంలో దొరికేదే. బాక్స్‌కీ యాంప్‌కీ మధ్య మాత్రం గిటార్ కేబుల్ వాడొద్దు. దాని లోపలి తీగ సన్నం, స్పీకర్ కరెంటుకి వేడెక్కుతుంది.

ఇక ఈ సమాధానంలో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. రెండు జాక్‌లనీ ఒకే ఇనుప ప్లేటుకి బిగించొద్దు. ప్లాస్టిక్ బాడీ జాక్‌లు వాడండి. ఇప్పుడొచ్చే చిన్న డిజిటల్ పవర్ యాంప్‌లలో చాలావాటికి స్పీకర్ మైనస్ గ్రౌండ్ కాదు. ప్లస్ మీదా మైనస్ మీదా రెండింటి మీదా సిగ్నల్ ఉంటుంది. లోహపు జాక్‌లు రెండూ ఒకే ప్లేటు మీద ఉంటే ఎడమ మైనస్, కుడి మైనస్ ఆ ప్లేటు ద్వారా కలిసిపోతాయి. అంటే రెండు చానళ్ల అవుట్‌పుట్‌లనీ షార్ట్ చేసినట్టే. ఈ సంగతి నాకు తెలియని రోజుల్లో ఒక కుర్రాడి కొత్త యాంప్ నా బల్ల మీదే పోయింది. పాత బాక్స్‌లో ఉన్న ఇనుప ప్లేటు గట్టిగా ఉంది కదా అని దానికే రెండో కన్నం కొట్టి రెండో జాక్ బిగించాను. ఆన్ చేసి వాల్యూమ్ పెంచగానే ఆగిపోయింది. దాని ఖరీదు నేనే ఇచ్చాను. ఆ కుర్రాడు పండగ ఆరాధనలో వాయించలేకపోయాడన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది. అప్పటి నుంచి ఏ స్టీరియో బాక్స్‌కైనా ప్లాస్టిక్ జాక్‌లే వేస్తున్నాను, బిగించాక రెండు జాక్‌ల మధ్య మీటర్ పెట్టి కనెక్షన్ లేదని చూశాకే పంపిస్తున్నాను.

మోనో, స్టీరియో మార్చే స్విచ్ పెట్టమని కూడా అడుగుతారు. నేను వద్దంటాను. యాంప్ ఆన్‌లో ఉండగా ఎవరో ఒకరు దాన్ని తిప్పుతారు. వాల్వ్ (గాజు ట్యూబుల) యాంప్ అయితే ఆ క్షణం లోడ్ తెగి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ దెబ్బతినొచ్చు. 16 ఓమ్స్ స్పీకర్లున్న బాక్స్‌కి రెండు విడి జాక్‌లు ఉన్నప్పుడు మోనో కావాలంటే ఒక మార్గం ఉంది. చాలా వాల్వ్ యాంప్‌లకి వెనక రెండు స్పీకర్ సాకెట్లు ప్యారలల్‌గా ఉంటాయి. రెండింటి నుంచీ రెండు కేబుళ్లు వేసి, యాంప్ వెనక ఉండే ఓమ్స్ సెలెక్టర్ 4కి పెట్టండి. పక్కకి 8 చొప్పున రెండు కలిస్తే 4 అవుతుంది. ఇక్కడ ఇంకో పొరపాటు కూడా చెప్పాలి. అలాంటి రెండు సాకెట్లు చూసి "నా యాంప్ స్టీరియో" అనుకునేవాళ్లున్నారు. ఆ రెండింటిలోనూ వచ్చేది ఒకే సౌండ్.

వెనక పలక మూసే ముందు పోలారిటీ (ప్లస్, మైనస్ సరిగ్గా పడ్డాయా అని) చూడండి. మామూలు 1.5 వోల్ట్ పెన్సిల్ బ్యాటరీ చాలు. ప్లస్ జాక్ పిన్ కొనకి, మైనస్ దాని ఒంటికి ఒక్క క్షణం తాకించండి. ఆ పక్క రెండు కోన్‌లూ ముందుకి రావాలి. రెండో పక్క కూడా అలాగే ముందుకే రావాలి. గుణుపూర్ నుంచి వచ్చిన ఒక చర్చి బాక్స్‌లో ఒక పక్క మొత్తం తిరగబడి ఉంది. ఎడమ ఒక్కటే వింటే బాగుంది, కుడి ఒక్కటే వింటే బాగుంది. రెండూ కలిపితే బేస్ మాయం. మధ్యలో నిలబడితే గిటార్ ఎక్కడి నుంచి వస్తోందో తెలియదు. వాళ్లు ఏడాది పాటు ప్రాసెసర్‌లో ప్యాచ్‌లు మారుస్తూ కూర్చున్నారు. పాత జేబీఎల్ స్పీకర్లు ఉంటే ఇంకా జాగ్రత్త. వాటిలో ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ లోపలికి వెళుతుంది. అందుకే రంగు చూడొద్దు, కోన్ కదలిక చూడండి.

ఏ స్పీకర్లు

ముందు ఒక మాట. మన దుకాణాల్లో తేలిగ్గా దొరికే 12 అంగుళాల మైకు సెట్ స్పీకర్ గిటార్ స్పీకర్ కాదు. గిటార్ స్పీకర్ సుమారు 75 హెర్ట్జ్ నుంచి 5,000 హెర్ట్జ్ దాకా పలికి, పైన తగ్గిపోతుంది. గిటార్ లావు తీగ మీటితే 82 హెర్ట్జ్ కాబట్టి కింద అంతకన్నా అక్కర్లేదు. పైన ఆ కోత ఉండబట్టే డిస్టార్షన్ చెవికి ఇంపుగా ఉంటుంది. పైదాకా పలికే స్పీకర్‌లో అదే డిస్టార్షన్ కందిరీగల తుట్టెలా వినిపిస్తుంది.

కాబట్టి మీ ప్రాసెసర్‌లో క్యాబినెట్ సిమ్యులేషన్ ఆపేయండి. అది మామూలు స్పీకర్‌కి గిటార్ స్పీకర్ గొంతు తెచ్చే ఏర్పాటు. నిజమైన గిటార్ స్పీకర్ మీద అది కూడా ఉంటే ఆ కోత రెండు సార్లు పడుతుంది, సౌండ్ ముసుగేసినట్టు అవుతుంది. "స్పీకర్లు పాడయ్యాయి, మార్చండి" అని వచ్చినవాళ్లలో కొందరికి నేను ఈ బటన్ ఒక్కటి ఆపి పంపించాను.

నేను ఎక్కువగా వేసినవి సెలెస్టియన్ వాళ్లవి కాబట్టి వాటి గురించే చెబుతాను. జి12టి-75 అనేది 75 వాట్లు, సెన్సిటివిటీ 97 డెసిబెల్స్. మార్షల్ కంపెనీ 1960ఎ, 1960బి మోడల్ బాక్సుల్లో వచ్చేది ఇదే. మధ్య స్థాయి స్వరాలు కొంచెం వెనక్కి తగ్గి ఉంటాయి కాబట్టి క్లీన్ కోరస్, డిలే మీద పాట గొంతుకి అడ్డం రాదు. వింటేజ్ 30 అయితే 60 వాట్లు, 100 డెసిబెల్స్. పై మధ్య స్థాయి ముందుకొస్తుంది, లీడ్ వాయించేవాళ్లకి మిగతా వాద్యాల మధ్య నుంచి స్పష్టంగా వినిపిస్తుంది. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లే, 98 డెసిబెల్స్. గొంతు మెత్తన, కానీ వాట్లు లెక్క చూసుకోవాలి. ఆరాధన పాటల్లో కార్డ్స్, స్టీరియో కోరస్ మీ పని కాబట్టి మీకైతే నేను జి12టి-75 వేస్తాను.

100కీ 97కీ మధ్య 3 డెసిబెల్స్ చిన్నగా కనిపిస్తుంది. దాన్ని యాంప్‌తో పూడ్చాలంటే రెట్టింపు వాట్లు కావాలి. ఎడమ పక్క ఒక రకం, కుడి పక్క ఇంకో రకం వేస్తే ఏమవుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. ఒకే పక్క రెండు రకాలు కలపొచ్చు, రెండో పక్క కూడా అదే కలయిక ఉండాలి. ఓమ్స్ సమానమైతే పవర్ చెరిసగం పడుతుంది, కాబట్టి 25 వాట్లది, 75 వాట్లది జతగా ఉంటే ఆ పక్క మోసేది 100 కాదు, 50 వాట్లే. చర్చి హాలుకి పక్కకి 50 వాట్ల యాంప్ బోలెడు.

కొత్తది ఆర్డర్ పెట్టే ముందు మీ బాక్స్ కన్నం కొలవండి. ఈ స్పీకర్లకి 283 మిల్లీమీటర్ల కన్నం కావాలి, బోల్టుల వలయం 297 మిల్లీమీటర్లు. ఎవరైనా ముందు మైకు సెట్ స్పీకర్ వేసి ఉంటే కొత్త బోల్టు కన్నాలు కొట్టి ఉంటారు. పాతవాటిని చెక్క ముక్కలతో, జిగురుతో పూడ్చండి. గాలి పోయే కన్నం ఉంటే ఈల వేసినట్టు వస్తుంది.

ఒకే బాక్స్‌లో స్టీరియో ఎంత వినిపిస్తుంది?

ఇది నిజాయితీగా చెప్పాలి. 4×12లో ఎడమ, కుడి స్పీకర్ల కేంద్రాల మధ్య దూరం సుమారు 35 సెంటీమీటర్లు. మీరు నాలుగు మీటర్ల దూరంలో నిలబడితే మీ చెవికి ఆ రెండూ దాదాపు ఒకే చోట ఉన్నట్టే. డిలే ఇటు నుంచి అటు గెంతుతున్నట్టు వినాలని ఆశపడితే నిరాశే. కోరస్ మాత్రం అద్భుతంగా ఉంటుంది. రోలాండ్ 1975లో తెచ్చిన జేసీ-120 దీనికి సాక్ష్యం. ఒకే పెట్టెలో రెండు 12 అంగుళాల స్పీకర్లు, ఒక్కోదానికి 60 వాట్ల విడి యాంప్. కోరస్ వేస్తే ఒక పక్క నుంచి మార్పులేని సౌండ్, ఇంకో పక్క నుంచి శ్రుతి కొద్దిగా ఊగే సౌండ్ వస్తాయి. రెండూ వైరులో కాదు, గాలిలో కలుస్తాయి. ఆ నీటి అలలాంటి నిండుతనం అక్కడి నుంచే పుడుతుంది. మీ బాక్స్‌ని విడదీస్తే మీకు దక్కేది కూడా అదే, ప్రాసెసర్‌లో ఒక పక్క డ్రై (ఎఫెక్ట్ లేని సౌండ్), ఇంకో పక్క ఎఫెక్ట్ పెట్టి చూడండి.

లోపల మధ్యలో గోడ కట్టాలా అని కొందరు అడుగుతారు. తప్పనిసరి కాదు. స్టీరియోలో ఒక జత ముందుకి, ఇంకో జత వెనక్కి కదిలే సమయాల్లో లోపలి గాలి అటూ ఇటూ తోసుకుని బేస్ కొంచెం వదులుగా ఉంటుంది. అంతకుమించి ఏమీ కాదు.

ఇంకా వెడల్పు కావాలంటే బాక్స్‌నే నిలువుగా రెండు 2×12లుగా కోయించవచ్చు. నేను ఒక్కసారి చేయించాను, మంచి వడ్రంగి ఉంటేనే. కోత గీతకి స్పీకర్ అంచు రెండు సెంటీమీటర్ల దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి కొత్త పక్క పలకని కోతకి బయట వైపు బిగించాలి. బాఫిల్‌కీ (స్పీకర్లు బిగించే ముందు పలక) వెనక పలకకీ మధ్య ఊతంగా ఉండే కర్ర ఈ కోతలో పోతుంది. ప్రతి సగానికీ కొత్త కర్ర పెట్టకపోతే పలకలు అదురుతాయి. రెండు బాక్సుల్నీ స్టేజి మీద రెండు, మూడు మీటర్ల ఎడంగా పెట్టుకుంటే డిలే నిజంగా గెంతుతుంది.

ఒక సంగతి మీ సౌండ్ చూసే అబ్బాయితో ముందే మాట్లాడండి. మన చర్చిల్లో మైకు సెట్ ఎక్కువగా మోనోయే. రెండు పక్కలా రెండు మైకులు పెట్టి మోనోలో కలిపితే కోరస్‌లో కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి. మిక్సర్‌కి ఒక పక్క మైకు మాత్రమే ఇవ్వండి. ఆ పక్క డ్రై ఉన్నదైతే మరీ మంచిది. స్టీరియో మీ స్టేజికి, ముందు వరసల్లో కూర్చున్నవాళ్లకి.

నా సలహా వరస ఇది. ఈ వారం బాక్స్ విప్పి వైరింగ్ విడదీసి, ప్లాస్టిక్ జాక్‌లు వేసి, తెలిసినవాళ్ల దగ్గర స్టీరియో యాంప్ ఒక్క రోజుకి అడిగి తెచ్చి, బాగున్న రెండు పాత స్పీకర్లని పక్కకి ఒకటి చొప్పున పెట్టి వినండి. అప్పుడు పక్కకి ఒకే స్పీకర్ కాబట్టి ఓమ్స్ కూడా ఆ ఒక్కదానివే, యాంప్‌కి సరిపోతాయో లేదో చూసుకోండి. ఖాళీగా ఉన్న రెండు కన్నాలకీ ప్లైవుడ్ ముక్కలు బిగించండి. ఆ సౌండ్ మీకు నచ్చితే అప్పుడు కొత్త జతకి డబ్బు పెట్టండి. 16 ఓమ్స్‌వి మా ఊళ్లో అప్పటికప్పుడు దొరకవు, ఆర్డర్ పెట్టి తెప్పించుకోవాలి. క్రిస్మస్‌కి కావాలంటే అక్టోబర్ దాటనివ్వకండి.

నాలుగు స్పీకర్ల మీటర్ రీడింగులు, మీ యాంప్ వెనక రాసి ఉన్న కనీస ఓమ్స్, బాక్స్ కన్నం కొలత, ఈ మూడూ ఇక్కడ రాయండి. ఏ తీగ ఎక్కడ కలపాలో గీసి పెడతాను.